బోరుకు ప్రెషర్ కొట్టించాలా? గుంటూరు, బెజవాడ చుట్టుపక్కల తిరిగే హైడ్రో ఫ్రాక్చర్ బండ్ల పనితీరు

ఏప్రిల్ సగానికి వచ్చేసరికి ఫిరంగిపురం, మేడికొండూరు వైపు పొలాల్లో గంట పోసి గాలి కక్కే బోర్లు కనబడతాయి. బెజవాడలో మొగల్రాజపురం, గుణదల కొండవాలు అపార్ట్‌మెంట్లలోనూ ఇదే బాధ. అప్పుడు వినిపించే సలహాలు రెండే: ‘కొత్త బోరు వేయించండి’, ‘పాతదానికే ప్రెషర్ కొట్టిద్దాం’. ఈ సమీక్ష రెండోదాని గురించి, అంటే నీళ్ల ఒత్తిడితో బోరులోని బండ పగుళ్లను తెరిచే హైడ్రో ఫ్రాక్చరింగ్ గురించి. ఫలానా బండి అని పేరు రాయడం లేదు. ఈ రెండు ఊళ్ల చుట్టూ తిరిగే బండ్లలో సరంజామా దాదాపు ఒకటే. తేడా అంతా పని చేసే మనుషుల్లో ఉంటుంది, వాళ్లేమో సీజనుకొక బండి మారుతుంటారు.

ముందే తీర్పు చెప్పేస్తాం. కింద గట్టి బండ ఉండి, బోరు ఒకప్పుడు బాగా పోసి తగ్గిపోయినదైతే, ప్యాకర్ అనే రబ్బరు బిరడాను ఎక్కడ బిగించాలో తెలిసిన మేస్త్రీ దొరికితే ఈ సర్వీసుకు 5కి 4 ఇవ్వచ్చు. కింద ఇసుకో మట్టో ఉంటే 1 కూడా ఎక్కువే. ఆ బండి ఎంత కొత్తదైనా సరే.

బండిలో ఏముంటుందంటే: లారీ మీదో ట్రాక్టరు ట్రాలీ మీదో డీజిల్ ఇంజను, దానికి తగిలించిన మూడు ప్లంజర్ల పంపు, నీళ్ల ట్యాంకు, హై ప్రెషర్ హోసులు, ఇనుప పైపులు, ప్యాకర్. ప్యాకర్ అంటే బోరులోకి దించి ఉబ్బించే రబ్బరు బిరడా. దాని నడుమ గుండా కిందికి నీళ్లు తోస్తే, పైకి తన్నుకొచ్చే దారి మూసుకుపోయి ఒత్తిడంతా బండ పగుళ్ల మీద పడుతుంది. మూసుకుపోయిన పగుళ్లు తెరుచుకుంటాయి, పూడిక కొట్టుకుపోతుంది, పక్కనే ఉండీ బోరును తాకని పగులు కొన్నిసార్లు కలుస్తుంది. అంతే. ఈ పని నీళ్లను పుట్టించదు, దారి మాత్రమే వేస్తుంది. భూగర్భ జలమట్టమే బోరు అడుగు కంటే కిందికి పోయినచోట ఎంత ప్రెషర్ కొట్టినా పోసిన నీళ్లే తిరిగొస్తాయి.

ఈ విద్య పుట్టింది నీళ్ల కోసం కాదు. 1947లో అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో, హ్యూగటన్ గ్యాస్ క్షేత్రంలో మొదటి ప్రయోగం చేశారు. అప్పుడు దించింది నీళ్లు కూడా కాదు, చిక్కబరిచిన పెట్రోలు. ఫలితం పెద్దగా రాలేదు. 1949 మార్చిలో ఓక్లహోమా, టెక్సస్‌లలో హాలిబర్టన్ కంపెనీ దీన్ని వ్యాపారంగా మొదలుపెట్టింది. చమురు బావుల సంగతి ఇక్కడెందుకంటే, బండివాళ్లు ‘ఆయిల్ కంపెనీ టెక్నాలజీ సార్’ అంటూ అక్కడి జెల్లు, ఇసుక, యాసిడ్ అన్నీ బిల్లులో కలిపేస్తున్నారు. ఏది ఎక్కడికి పనికొస్తుందో తెలిస్తే ఆ బిల్లు సగానికి దిగుతుంది.

చమురు పొరలు సాధారణంగా కిలోమీటర్ల లోతున ఉంటాయి. పైనున్న రాతి బరువు ప్రతి మీటరుకూ పావు బార్ పైనే పెరుగుతుంది (బార్ అంటే ఒత్తిడి కొలత, ఒక బార్ దాదాపు మన చుట్టూ ఉన్న గాలి పీడనమంత). అంటే 3 కిలోమీటర్ల లోతున 750 బార్ల పైనే. అంత బరువు కింద పగులు తెరిచినా పంపు ఆపగానే మూసుకుపోతుంది. అందుకే నీటిని చిక్కబరిచి, అందులో ఇసుక కలిపి పగులులోకి తోస్తారు. ఇసుక రేణువులు పగులు మూసుకోకుండా ఆపుతాయి. చిక్కబరచడానికి వాడేది గ్వార్ గమ్, మనం కూర వండుకునే గోరుచిక్కుడు గింజల నుంచి తీసే జిగురు. మన బోరులో ప్యాకర్ 60 మీటర్ల లోతున ఉంటే అక్కడి రాతి బరువు 16 బార్ల చిల్లర. పగులు తెరుచుకున్నాక రెండు ముఖాలూ కాస్త జరిగి, ఎగుడుదిగుళ్లు ఒకదానికొకటి ఆనుకుని సందు నిలబడిపోతుంది. ఇసుక అక్కర్లేదు, జెల్ అసలే అక్కర్లేదు. చమురు బావిలో ఆ జిగురును విరగ్గొట్టడానికి వేరే మందు కలుపుతారు. తాగే నీటి బోరులో మిగిలిపోయిన జిగురు బ్యాక్టీరియాకు మేత. కాబట్టి ‘ఫారిన్ జెల్’ అని బిల్లులో కనిపిస్తే కొట్టేయించండి.

పంపు దగ్గరకు వద్దాం. ‘మా పంపు 200 బార్లు కొడుతుంది’ అని గొప్పగా చెబుతారు. అడగాల్సిన ప్రశ్న: ఆ 200 బార్ల దగ్గర నిమిషానికి ఎన్ని లీటర్లు? కార్లు కడిగే పంపు కూడా వంద బార్ల పైన కొడుతుంది, కానీ ఆ ధారతో బండ తెరుచుకోదు. లెక్క సులువే. బార్లను నిమిషానికి లీటర్లతో గుణించి 600తో భాగిస్తే కిలోవాట్లు వస్తాయి. 100 బార్ల దగ్గర 150 లీటర్లు కావాలంటే 25 కిలోవాట్లు, అంటే 33 హెచ్‌పీ పైచిలుకు నీళ్లలోకి పోవాలి, ఇంజను అంతకన్నా పెద్దదే ఉండాలి. 10 హెచ్‌పీ ఇంజనుతో 200 బార్లు అంటే వచ్చేది నిమిషానికి 22 లీటర్లు. పగులు తెరిచిన మరుక్షణం నీళ్లు అందులోకి పారిపోతాయి. వెనక నుంచి అంతకంటే జోరుగా నీళ్లు రాకపోతే పగులు ముడుచుకుంటుంది. ఇంజను హెచ్‌పీ, పంపు లీటర్లు ఫోన్లోనే అడగండి. చెప్పలేని బండిని పిలవకండి.

గేజి ముల్లు వణుకుతుంటే పంపు వాల్వు ఒకటి సరిగా కూర్చోవడం లేదని అర్థం, లేదా సక్షన్‌లోకి (పంపు నీళ్లు పీల్చుకునే వైపు) గాలి పోతోందని. మురికి నీళ్లు పంపి పంపి వాల్వు సీట్లు కొరుక్కుపోయిన పంపులు చాలా ఉన్నాయి. బెజవాడ ఆటోనగర్ లేత్ షాపుల్లో రోజులో తేలిపోయే పని అది. సీజన్లో ఆ ఒక్కరోజు బండి ఆపడానికి ఓనరుకు మనసు రాదు. ట్యాంకు అడుగు పంపు సక్షన్ కంటే ఎత్తున ఉందా, హోసు రెండు చివర్లా గొలుసు కట్టారా, ప్రెషర్ హద్దు దాటితే తెరుచుకునే రిలీఫ్ వాల్వు ఉందా అన్నవి బండి దిగగానే చూసుకోవాలి. 100 బార్ల హోసు ఊడితే కర్రసాములా తిరుగుతుంది. గొలుసు కట్టమంటే నవ్వే కుర్రాళ్లున్నారు. నవ్వినా కట్టించండి.

అసలు పనితనం ప్యాకర్‌లో ఉంది. మన దగ్గర మామూలు బోరు ఆరున్నర అంగుళాలు. ఆ రంధ్రం వైశాల్యం మీద 100 బార్లు పడితే ప్యాకర్‌ను పైకి నెట్టే బలం దాదాపు 22 టన్నులు. 50 బార్లకైనా 11 టన్నులు. ఆ బలాన్ని ఆపేది రబ్బరుకూ బండగోడకూ మధ్య పట్టు, కొంత పైపుల బరువు. ప్యాకర్‌ను ఉబ్బించిన ప్రెషర్ పంపు ప్రెషర్ కంటే ఎప్పుడూ ఎక్కువ ఉండాలి. తగ్గితే రబ్బరు జారుతుంది, పైపులు ఎగురుతాయి. అందుకే పంపు నడుస్తున్నంతసేపూ బోరు మూతి దగ్గర ఎవరూ వంగి చూడకూడదు.

ఎక్కడ బిగించాలి? కేసింగ్ (బోరు పైభాగంలో మట్టి కూలకుండా దించే పైపు) అయిపోయిన చోటు నుంచి కనీసం 30 అడుగులు కిందికి, పగుళ్లు లేని గట్టి బండలో. కేసింగ్ అడుగున సుద్ద (బండ శిథిలమై మారిన మట్టి), మెత్తరాయి ఉంటాయి. అక్కడ బిగిస్తే రబ్బరు గోడను పట్టదు, లేదా నీళ్లు సుద్దను కోసుకుంటూ కేసింగ్ పక్కనుంచి పైకి వస్తాయి. ఒకసారి కేసింగ్ అడుగు కోసుకుపోతే ఆ బోరులో జీవితాంతం మట్టి వస్తూనే ఉంటుంది. ఇక ప్యాకర్ సరిగ్గా ‘గ్యాప్’ (బండలో నీళ్లు వచ్చే పగులు) మీదే కూర్చుంటే నీళ్లు రబ్బరు చుట్టూ తిరిగి పైకి వచ్చేస్తాయి. బోరు వేసినప్పుడు రిగ్గువాళ్లు ఎన్ని అడుగులకు బండ తగిలింది, ఎక్కడెక్కడ గ్యాప్ వచ్చింది, కేసింగ్ ఎంత దించారు అని రాసిచ్చిన చీటీ ఉంటే సగం పని అయినట్టే. తిరుచెంగోడు రిగ్గులవాళ్లు తమిళంలో రాసిచ్చినా పారేయకండి, అంకెలు చాలు. చీటీ లేకపోతే కెమెరా దించాల్సిందే. మోటారు తీశాక బోరును ఒక రాత్రి కదపకుండా వదిలేస్తే నీళ్లు తేరుకుంటాయి. పొద్దున్నే కెమెరాలో గోడ స్పష్టంగా కనిపిస్తుంది. సాయంత్రం మోటారు తీసి అప్పుడే కెమెరా దించితే టీవీలో పాలు చూసినట్టు ఉంటుంది. చాలా బండ్లు చేసేది అదే, కెమెరా డబ్బులు మాత్రం తీసుకుంటాయి.

ప్యాకర్లలో రెండు రకాలు. ఒంటి ప్యాకర్ అయితే దాని కిందున్న బోరంతటికీ ఒకేసారి ప్రెషర్ తగులుతుంది. ముందు పైన బిగించి కొట్టి, తర్వాత కిందికి జరిపి మళ్లీ కొడతారు. జంట ప్యాకర్ అయితే పైనొకటి కిందొకటి బిగించి మధ్య భాగానికే కొట్టొచ్చు. ఒంటి ప్యాకర్‌లో ఉన్న లోపం ఇది: కింద ఎక్కడో ఒక పెద్ద పగులు తెరుచుకుంటే నీళ్లన్నీ దాంట్లోకే పోతాయి, మిగతా పగుళ్లకు ఏమీ దక్కదు. జంట ప్యాకర్ ఖరీదెక్కువ, గంటలూ ఎక్కువ పడతాయి. 300 అడుగులు దాటిన బోరుకు, గ్యాపులు రెండు మూడు చోట్ల ఉన్నవాటికి ఆ ఖరీదు న్యాయమే. మన వైపు ఎక్కువగా దొరికేది ఒంటిదే.

పని నడిచేటప్పుడు గేజి దగ్గర ఒక మనిషిని నిలబెట్టి నిమిషం నిమిషం రీడింగు రాయించండి. ముల్లు మూడు రకాలుగా నడుస్తుంది. ప్రెషర్ ఎక్కుతూ ఎక్కుతూ, ఉదాహరణకు 80 దాకా పోయి ఠక్కున 40కి పడి, నీళ్లు మాత్రం ఆగకుండా పోతుంటే బండ తెరుచుకుంది. అక్కడితో పంపు ఆపేసి ‘అయిపోయింది సార్’ అనే బండ్లున్నాయి. తప్పు. పడ్డ తర్వాత కనీసం 15-20 నిమిషాలు అదే జోరుతో పంపితేనే పగులు దూరం సాగుతుంది, పూడిక కదులుతుంది. రెండోది, ప్రెషర్ పంపు హద్దు దాకా పోయి అక్కడే నిలబడిపోవడం. ఆ చోట బండకు పగులే లేదు. మొండికేసి హోసు మీద పరీక్ష పెట్టకుండా ప్యాకర్ జరపాలి. మూడోది, ముల్లు అసలు లేవకపోవడం. అప్పుడు కేసింగ్‌లోకి టార్చి వేసి చూడాలి. నీటి మట్టం పైకి వస్తుంటే ప్యాకర్ లీకు. రాకపోతే పగులు ముందే తెరిచి ఉంది, అక్కడ ప్రెషర్‌తో పనేమీ లేదు, ఉత్త ఫ్లషింగ్ (కంప్రెసర్ గాలితో పూడికను బయటికి ఊదేయడం) చాలు. ఈ మూడోరకం బోరుకు కూడా పూర్తి చార్జీ వేయడం ఈ సర్వీసుల మీద మా పెద్ద ఫిర్యాదు.

నీళ్లెన్ని కావాలి? నిమిషానికి 150 లీటర్ల చొప్పున 20 నిమిషాలంటే 3,000 లీటర్లు. అది ఒక్క దఫాకే. రెండు మూడు చోట్ల కొడతారు కాబట్టి 5,000 లీటర్ల ట్యాంకర్లు రెండు ముందే తెప్పించి ఉంచాలి. మధ్యలో నీళ్లయిపోయి ట్యాంకరు కోసం గంట ఆగితే పగులు సాగడం అక్కడితో ఆగిపోతుంది. సాగర్ కాలువ నీళ్లు ఇంజనుతో ఎత్తి పోసేస్తామంటే ఒప్పుకోవద్దు. ఆ ఒండ్రు పంపును తింటుంది, పగుళ్లలో మనమే పూడిక పెట్టినట్టవుతుంది. శుభ్రమైన నీళ్లే పోయాలి, అందులో కాస్త క్లోరిన్ కలిపితే ఇంకా మేలు.

ప్రెషర్ వదిలేటప్పుడు వాల్వు మెల్లగా తిప్పాలి. తిరిగొచ్చే నీటి రంగు చూడండి. తెల్లగా పిండి కలిపినట్టుంటే బండపొడి, మంచిదే. ఎర్రగా, జేగురు రంగులో వస్తుంటే పైనున్న సుద్ద కదిలింది, ప్యాకర్ మరీ ఎత్తున కూర్చుందన్నమాట. ఆ తర్వాత కంప్రెసర్‌తో రెండు గంటలైనా ఫ్లషింగ్ చేయాలి. ఇది విడిగా పిలవాల్సిన బండి, విడిగా బిల్లు. దీన్ని ముందు చెప్పకుండా చివర్లో చెప్పడం ఇక్కడి ఆనవాయితీ అయిపోయింది.

ఇక కొలత. ఈ సర్వీసుకు మార్కులన్నీ పోయేది ఇక్కడే. బోరువాళ్ల భాషలో నీళ్లు ‘ఇంచుల్లో’ ఉంటాయి. ఆ ఇంచు ఏమిటో చాలామంది అడగరు. పద్ధతిగా అయితే అది వీ-నాచ్ మీద కొలిచిన ఎత్తు: వీ ఆకారంలో 90 డిగ్రీల గాడి కోసిన రేకు మీదుగా నీళ్లు పోనిచ్చి, గాడి మొన నుంచి నీరు ఎంత ఎత్తున నిలబడిందో కొలుస్తారు. ఆ ఎత్తు 1 అంగుళమైతే నిమిషానికి 8.5 లీటర్లు, 2 అంగుళాలైతే 48, 3 అయితే 133 దాకా. రెండించులంటే ఒక ఇంచుకు రెట్టింపు కాదు, దాదాపు ఐదున్నర రెట్లు! అలాంటప్పుడు ‘ఇంచున్నర నుంచి రెండించులకు పెంచాం’ అంటే చిన్నమాట కాదు, నీళ్లు రెట్టింపైనట్టు. అదే ‘ఇంచు’ను పైపు లావుగా చెప్పి, రెండించుల పైపు నిండా పోస్తోందని చూపిస్తే దాంతో ఏ లెక్కా తేలదు. రేకు లేకపోతే 200 లీటర్ల డ్రమ్ము, సెల్‌ఫోను స్టాప్‌వాచ్ చాలు.

పనికి ముందు ఎంత పోస్తోందో కొలిచి కాగితం మీద రాసి సంతకం పెట్టే బండి అరుదు. పని అయ్యాక మాత్రం ఫ్లషింగులో ఎగిసిపడే నీళ్లకు వీడియో తీస్తారు. ఆ నీళ్లలో మీరు ట్యాంకర్లతో పోసినవే ఎక్కువ. 6,000 లీటర్లు లోపలికి పంపితే, అవి నిమిషానికి 50 చొప్పున వచ్చినా రెండు గంటలు ధారాళంగా పోస్తాయి. అసలు పరీక్ష మర్నాడు పెట్టాలి. మోటారు దించి కనీసం మూడు గంటలు ఆగకుండా నడిపి, చివరి అరగంటలో కొలవాలి. ఆపాక నీటిమట్టం ఎంతసేపట్లో పూర్వస్థితికి వచ్చిందో కూడా చూడాలి. సగం డబ్బు ఆ కొలత తర్వాతే ఇస్తామని మొదటే మాట్లాడుకోండి. మంచి మేస్త్రీలు దీనికి ఒప్పుకుంటారు. ఒప్పుకోనివాళ్లకు వాళ్ల పని మీద వాళ్లకే నమ్మకం లేదు.

యాసిడ్ సంగతి వేరుగా చెప్పాలి, ఎందుకంటే ‘ప్రెషర్‌తోపాటు యాసిడ్ వాష్ ప్యాకేజీ’ అని కలిపి అమ్ముతున్నారు. హైడ్రోక్లోరిక్ యాసిడ్ సున్నపురాయిని కరిగిస్తుంది, ఇతర బండల్ని కాదు. పిడుగురాళ్ల, దాచేపల్లి, మాచర్ల వైపు నాపరాళ్లు, సున్నపురాళ్ల నేలల్లో దానికి అర్థముంది. బెజవాడ కొండల్లోని ఖొండలైట్ అనే రాతిలోనో కొండవీడు వైపు గట్టి రాతిలోనో పోస్తే బండకు చీమ కుట్టినట్టు కూడా ఉండదు. కరిగేది మీ కేసింగే. పాత బోరు గోడకూ పైపులకూ పట్టిన తెల్లటి గార మాత్రం ఎక్కడైనా కరుగుతుంది, అంతవరకు మేలే.

చమురు బావుల్లో వాడుక బలం 15 శాతం. ఆ బలంతో వెయ్యి లీటర్లు దాదాపు 221 కిలోల సున్నపురాయిని కరిగిస్తాయి. ఆరున్నర అంగుళాల బోరులో మీటరుకు 21.4 లీటర్లు పడతాయి. 30 మీటర్ల మేర ట్రీట్ చేయాలంటే 642 లీటర్లు కావాలి. బజారులో దొరికే 32 శాతం యాసిడ్ ఒక లీటరుకు 1.3 లీటర్ల నీళ్లు కలిపితే 15 శాతం అవుతుంది, కాబట్టి 35 లీటర్ల క్యాన్లు 8 చాలు. నీళ్లలో యాసిడ్ పోయాలి, యాసిడ్‌లో నీళ్లు కాదు. పైనుంచి గుమ్మరిస్తే నీళ్లలో కలిసి పలచబడి అడుగుకు చేరేసరికి బలం చస్తుంది. సన్నటి ప్లాస్టిక్ పైపు కావలసిన లోతుకు దించి దాని గుండా పోయాలి. పైగా ఈ 642 లీటర్లూ పూర్తిగా పనిచేస్తే 35 ఘనపు మీటర్ల దాకా బొగ్గుపులుసు వాయువు వస్తుంది. అది పది అడుగులకు పన్నెండు అడుగుల గదిని నింపేంత. గాలికంటే బరువైంది కాబట్టి గుంతల్లో నిలుస్తుంది. బోరు మోటారు గుంతలో ఉంటే ఆ రోజు ఎవరూ అందులోకి దిగకూడదు.

ఇనుప కేసింగ్ ఉన్న బోరులో ఇన్హిబిటర్ (తుప్పును ఆపే మందు) కలపని యాసిడ్ పోయకూడదు. చమురు బావుల్లో యాసిడ్ పోయడానికి 1896లోనే పేటెంటు వచ్చింది. కానీ ఉక్కు పైపులను తినేస్తోందని పక్కన పెట్టేశారు. 1932లో మిషిగన్‌లో తుప్పును ఆపే మందు కలిపి పోశాకే అది నిలబడింది. ఇన్హిబిటర్ లేకుండా పోసే బండి ఇంకా 1932కు ముందే ఉందన్నమాట. స్టెయిన్‌లెస్ మోటారుకు ఏమీ కాదనే మాట నమ్మకండి, ఈ యాసిడ్ దాన్నీ తింటుంది. మోటారు, కాలమ్ పైపులు, కేబుల్ అన్నీ పైకి తీశాకే పని మొదలుపెట్టాలి. చిన్న గారకు గుళికల రూపంలో దొరికే సల్ఫామిక్ యాసిడ్ నయం, మోయడానికీ కలపడానికీ ప్రమాదం తక్కువ.

ఇసుకరాతి చమురు పొరల్లో బంకమట్టిని కరిగించడానికి హైడ్రోక్లోరిక్‌కు తోడు హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ వాడతారు, 12 శాతానికి 3 శాతం చొప్పున. ‘మడ్ యాసిడ్’ అంటారు. దానికి ముందు ఉత్త హైడ్రోక్లోరిక్ పంపి సున్నాన్ని కడిగేయాలి, లేకపోతే కాల్షియం ఫ్లోరైడ్ గడ్డకట్టి ఉన్న దారీ మూస్తుంది. నీటి బోరు దగ్గర ఎవరైనా మడ్ యాసిడ్ మాటెత్తితే బండిని వెనక్కి పంపండి. అసలే పల్నాడులో ఫ్లోరైడ్ నీళ్ల బాధ ఉంది. మనిషి చర్మం మీద పడితే అది ఎముక దాకా పోతుంది.

తెనాలి, రేపల్లె, బాపట్ల వైపు ఫిల్టరు పాయింట్లకు (ఇసుక పొరలో జల్లెడ పైపు దించి వేసే బోర్లు) ఇవేవీ పనికిరావు. ఇసుకను చీల్చలేం. అక్కడ పూడేది జల్లెడ: ఒండ్రు, ఇనుము, ఇనుము తినే బ్యాక్టీరియా జిగురు. హెక్సామెటా ఫాస్ఫేట్‌ను పాయింటులో ఉన్న నీటికి 2 శాతం లెక్కన కరిగించి పోసి, ఒక రాత్రి ఉంచి, పంపును ఆపుతూ వేస్తూ నీటిని కుదిపితే బంక విడుతుంది. ఫాస్ఫేట్ బ్యాక్టీరియాకు ఎరువు కాబట్టి వెంటనే క్లోరిన్ కూడా పోయాలి. తీరం వైపు లోతుగా పోయి కదిపితే ఉప్పు నీళ్లు పైకి వచ్చే ప్రమాదముంది. ఈ పని లోకల్ ఫిల్టరు పాయింట్ మేస్త్రీలే బాగా చేస్తారు, గుంటూరు నుంచి బండి తెప్పించడం దండగ. కృష్ణలంకలాంటి ఏటి ఒడ్డు ఒండ్రు నేలలకూ ఇదే మాట.

పట్నంలో ఇంకొక చిక్కు ఉంది. తక్కువ లోతుల్లో పగుళ్లు ఎక్కువగా అడ్డంగానే సాగుతాయి. రాతి బరువు తక్కువ కాబట్టి పైకి ఎత్తడమే బండకు తేలిక. అలా అడ్డంగా సాగిన పగులు పక్క అపార్ట్‌మెంటు బోరును కలపొచ్చు, సెప్టిక్ ట్యాంకు ఊటనూ కలపొచ్చు. మొదటిది తగాదా, రెండోది రోగం. పని అయ్యాక క్లోరిన్ పట్టించడం తప్పనిసరి. బోరులో 100 మీటర్ల నీరుంటే అవి 2,140 లీటర్లు. లీటరుకు 200 మిల్లీగ్రాముల క్లోరిన్ రావాలంటే 30 శాతం బ్లీచింగ్ పౌడరు కిలోన్నర లోపు సరిపోతుంది. బకెట్లో కలిపి తేర్చిన నీళ్లే పోయాలి, అడుగు సున్నం పోయకూడదు. పన్నెండు గంటలుంచి, వాసన పోయేదాకా తోడి, ఆ తర్వాత బ్యాక్టీరియా పరీక్షకు శాంపిల్ ఇవ్వాలి. యాసిడ్ పోసిన బోరులో నీళ్లు పూర్తిగా తోడేసి, పీహెచ్ కాగితం మామూలు రంగు చూపించాకే బ్లీచింగ్ వేయాలి. రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాసు పుడుతుంది. ప్యాకేజీ పేరుతో రెండూ ఒకే పూట పోసే బండ్లు ఉన్నాయి కాబట్టి ఇంత నొక్కి చెప్పాల్సి వస్తోంది.

కొత్త బోరుతో పోలిస్తే దీనికి ఒక సౌకర్యముంది. కొత్తదానికి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి కావాలి, పాయింట్ చూసేవాళ్లకు కొబ్బరికాయలు కావాలి, పడుతుందో లేదో తెలియదు. ఉన్న బోరు చరిత్ర మాత్రం మీకు తెలుసు. ఒకప్పుడు బాగా పోసి ఏళ్ల మీద మెల్లగా తగ్గిన బోరు దీనికి సరైన రోగి. వేసిన రోజు నుంచీ చుక్క పడని బోరుకు కొట్టించడం లాటరీ. ఉన్నట్టుండి ఒకే వేసవిలో ఆగిపోయినదైతే ముందు పక్క బోర్లలో నీటిమట్టం చూడండి. అన్నీ దిగిపోయి ఉంటే వానలదాకా ఆగడమే.

మోటారు తిరిగి దించేటప్పుడు పాత లోతుకే దించేయకండి. ప్రెషర్ కొట్టాక అడుగున రాతిపొడి చేరుతుంది. ముందు తాడుకు బరువు కట్టి వదిలి అడుగు ఎంత పూడిందో కొలిచి, దానికి 20 అడుగుల పైన మోటారు నిలపండి. మొదటి వారం రోజూ మొదటి పది నిమిషాల నీళ్లు సంపులోకి పోనివ్వకుండా బయటికి వదిలి, గాజు గ్లాసులో పట్టి అడుగున ఇసుక చేరుతోందేమో చూస్తుండండి. వారం దాటినా ఇసుక తగ్గకపోతే ఫ్లషింగ్ చాలలేదన్నమాట. కంప్రెసర్ బండిని అదే బిల్లు మీద మళ్లీ రప్పించే షరతు ముందే రాయించుకుని ఉంటే సరే, లేకపోతే ఆ ఖర్చు కూడా మీదే.